క్రొత్త గేరుపెట్టె మొరాయించినచో: కారణాన్వేషణ పద్ధతి

గేర్లను తమంతట తామే మార్చుకొను మోటారు బండ్లు నేడు మన యానాములో అరుదు కావు. బాలయోగి వారధి మీదుగా ఎదుర్లంకకును, ఇటు కాకినాడకును పోవుచుండు బండ్లలో 'పివై 04' పలక గలవానిని గమనించినచో, క్లచ్చి తొక్కని చోదకులు అనేకులు కనబడుదురు. ఇట్టి బండిలో గేరుపెట్టె చెడినప్పుడు దానిని మొత్తముగా దింపి, మఱియొక పెట్టెను బిగించుట పరిపాటి. అది పెద్ద వ్యయము. బండిని నమ్ముకొని బ్రతుకు టాక్సీ చోదకునకు అది కొన్ని నెలల సంపాదన.

ఇంత వ్యయపడిన పిదపను గేర్లు సరిగా పడకున్నచో ఏమి చేయవలెను? "ఈ పెట్టెయు చెడ్డదే, మరల దింపుదము" అనుట సులభము. కాని పలుమారు దోషము పెట్టెలో నుండదు; దాని చుట్టునుండు ద్రవములోనో, తీగలోనో, కంప్యూటరు జ్ఞప్తిలోనో యుండును. కొలదిపాటి వెలగల ఒక స్విచ్చి చెడిపోగా వేల రూప్యముల పెట్టెను రెండవమారు దింపుట బండివానికి నష్టము, పనివానికి అపకీర్తి. కనుక కారణమును క్రమముగా వెదకు పద్ధతిని ఈ పాఠమున తెలిసికొందము. మనలో కొందఱు రేపు ఐ.టి.ఐ.లో చేరవచ్చును, కొందఱు బండి యజమానులు కావచ్చును. ఇరువురకును ఇది పనికివచ్చును.

1. స్వయంచాలక గేరుపెట్టె స్వరూపము

ఇంజను చిన్న బలముతో వేగముగా తిరుగును. బండి కదలుటకు మొదట పెద్ద బలము కావలెను. కదలిన పిదప వేగము కావలెను. ఈ రెండిటికి పొత్తు కుదుర్చునదే గేరుపెట్టె. ఫ్రాన్సు దేశపు లూయీ రెనో 1898లో నిర్మించిన తన చిన్న బండిలో పై గేరున ఇంజను నుండి ఇరుసునకు నేరుగా శక్తి చేరునట్లు ఏర్పాటు చేసెను. అదియు చేతితో మార్చు గేరే. తమంతట తాము మాఱు గేర్లు పెద్ద సంఖ్యలో తయారగు కార్లలోనికి వచ్చినది అమెరికాలో, జనరల్ మోటార్సు వారి 'హైడ్రా-మాటిక్' పెట్టెతో. అది 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో అమర్చబడినది. ఫ్రాన్సులో 1955లో వెలువడిన సిట్రోయెన్ డి.ఎస్. కారులో చోదకుడు మీటను జరిపిన చాలును. క్లచ్చిని విడదీయుట, గేరు మార్చుట ద్రవపీడనమే చేసెడిది. మన దేశమున 2014లో మారుతి సుజుకి సెలెరియోతో వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతి వలన ఈ సౌకర్యము తక్కువ వెలగల కార్లకును అందినది. ఏ.ఎం.టి. యనగా మామూలు గేరుపెట్టెయే. క్లచ్చిని తొక్కుట, గేరు వేయుట యంత్రము చేయును. గేరులేని స్కూటరులో నుండునది వేఱొక పద్ధతి: బెల్టు మీద నడచు రెండు కప్పీల వ్యాసము వేగమును బట్టి మాఱుచుండును.

ఈ పాఠమున ముఖ్యముగా టార్కు కన్వర్టరు గల పెట్టెను గూర్చి ముచ్చటింతము. దానిలో నాలుగు భాగములున్నవి.

మొదటిది టార్కు కన్వర్టరు. రెండు ఫంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో, గాలి తాకిడికి రెండవదియు తిరుగును గదా. గాలికి బదులు నూనె యున్నచో కన్వర్టరు సూత్రము తెలిసినట్లే. రెండు రెక్కల చక్రముల నడుమ మూడవదొకటి యుండి నూనెను దారి మరల్చి బలమును హెచ్చించును. జర్మనీ దేశీయుడు హెర్మన్ ఫొటింగర్ 1905లో దీనికి హక్కు పొందినది ఓడల కొఱకు. ఒకనాడు ఓడల పనికి పేరుపొందిన కోరంగికి పొరుగువారమైన మనకు ఈ సంగతి ముచ్చటగా నుండును. బండి వేగమందుకొనిన పిదప ఈ రెండు చక్రములను లోపలి క్లచ్చి ఒకటిగా బిగించును. దీనిని 'లాకప్' అందురు.

రెండవది గ్రహచక్రముల కూర్పు. నడుమ సూర్యచక్రము, చుట్టును గ్రహచక్రములు, వెలుపల వలయచక్రము. వీనిలో దేనిని ఆపి దేనిని తిప్పుదుమో దానిని బట్టి గేరు ఏర్పడును. అట్లు ఆపుటకు క్లచ్చి బిళ్ళలు, పట్టీలు ఉండును.

మూడవది కవాటముల దిమ్మె. పంపు నుండి వచ్చు నూనెను ఏ క్లచ్చికి ఎంత పీడనముతో పంపవలెనో ఇది నిర్ణయించును. నాలుగవది కంప్యూటరు. వేగమును తెలుపు సెన్సర్ల వార్తలు విని, సోలినాయిడ్లకు, అనగా విద్యుదయస్కాంతముతో నడచు కవాటములకు, ఆజ్ఞ లిచ్చును.

పెట్టె కండరమైనచో, నూనె నెత్తురు, తీగలు నరములు, కంప్యూటరు మెదడు. మనము మార్చినది కండరమును మాత్రమే. తక్కినవన్నియు పాతవే. ఈ యొక్క మాటను మఱువకున్నచో సగము దారి నడచినట్లే.

2. వెదకుటకు ముందు అడుగవలసినవి

వైద్యుడు నాడి పట్టుటకు ముందు రోగి చెప్పునది వినును. మనమును చోదకుని ఇట్లు అడుగవలెను: దోషము ఎప్పుడు కనబడుచున్నది, ఇంజను చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన పిదపనా? ఒక గేరుననా, అన్నిటనా? ముందునకా, వెనుకకా? పెట్టె మార్చిన నాటి నుండియేనా, కొన్నాళ్ళు బాగుగా నడచిన పిదపనా? పాత పెట్టె చెడినప్పుడును ఇదే గుణము కనబడెనా?

చివరి ప్రశ్న మిక్కిలి విలువైనది. పాత పెట్టెతో నున్న దోషమే క్రొత్త పెట్టెతోను ఉన్నచో, కారణము పెట్టె వెలుపల నున్నదని అనుమానింపవలెను. రెండు పెట్టెలకు ఒకే జబ్బు యాదృచ్ఛికముగా వచ్చుట అరుదు.

3. మొదట నూనె

చౌకయైన పరీక్షను ముందు చేయుట, పెట్టెను దింపు పనిని కడపటి కుంచుట మన నియమము. బండిని చదునైన నేల మీద నిలిపి నూనె మట్టమును చూడవలెను. పెక్కు బండ్లలో ఇంజను తిరుగుచుండగా, నూనె వేడెక్కిన పిదప చూడవలెను. కొన్నిటిలో ఇంజను ఆపి చూడవలెను. మఱికొన్నిటిలో డిప్ స్టిక్కే యుండక, క్రింది బిరడాను నిర్ణీత ఉష్ణోగ్రత యందు విప్పి చూడవలసి యుండును. ఆ బండి పుస్తకమున చెప్పిన రీతియే ప్రమాణము.

క్రొత్త పెట్టె బిగించినప్పుడు కన్వర్టరు ఖాళీగా నున్నచో, ఇంజను తిరుగగానే అది చాల నూనెను త్రాగును. ముందు సరిగా కనబడిన మట్టము అందువలన తగ్గిపోవును. నూనె తక్కువైనచో పంపు గాలిని పీల్చును; గేరు ఆలస్యముగా పడును; బండి జారును. ఎక్కువైనచో తిరుగు చక్రములు నూనెను చిలుకగా నురుగు పుట్టును. నురుగుతో పీడనము నిలువదు. కనుక తక్కువైనను ఎక్కువైనను ఫలితము ఇంచుమించు ఒకటే.

మట్టము సరియైనను జాతి సరికాకపోవచ్చును. నూనెలన్నియు ఒకటి కావు. క్లచ్చి బిళ్ళలు పట్టు తీరు నూనెలో కలిపిన పదార్థముల మీద ఆధారపడి యుండును. బెల్టు పెట్టెకు, జంట క్లచ్చుల పెట్టెకు, కన్వర్టరు పెట్టెకు వేఱువేఱు నూనెలు. తప్పు నూనె పోసినచో బండి వణకును, లేదా గేరు గుద్దినట్లు పడును. రంగును, వాసనను కూడ చూడవలెను. నల్లబడి మాడువాసన వేయు నూనె కాలిన క్లచ్చికి సాక్ష్యము.

4. కంబి, కేబులు, స్విచ్చి

చోదకుని చేతిలోని మీట పెట్టె మీది చిన్న చేతికి కేబులుతో కలుపబడి యుండును. బిగించునప్పుడు అది కొంచెము జరిగినను, మీట 'డి' యొద్ద నుండగా లోపలి కవాటము సగము దారిలో నిలిచిపోవును. అప్పుడు పీడనము చాలక క్లచ్చి కాలును. మీటను ఒక్కొక్క స్థానమున నిలిపి, లోపల నిలుకడ తగులుచున్నదో లేదో చూడవలెను. 'పి', 'ఎన్' స్థానములందు తప్ప తక్కిన వానిలో ఇంజను స్టార్టు కాకూడదు. అట్లు స్టార్టయినచో అది ప్రాణాపాయము. సరిచేయు వఱకు బండిని రోడ్డుమీదికి తేరాదు.

పాత తరపు కొన్ని పెట్టెలకు యాక్సిలరేటరుతో కలుపబడిన మఱియొక కేబులుండును. అది వదులైనచో పీడనము తగ్గి, గేర్లు తొందరగా, మెత్తగా పడి, క్లచ్చులు కొద్ది దూరములోనే కాలిపోవును. బిగువైనచో గేర్లు ఆలస్యముగా, గట్టిగా పడును.

5. తీగలు, కప్లర్లు, ఎర్తు

పెట్టెను దింపుటకు కప్లర్లన్నియు ఊడదీయుదురు, మరల కలుపుదురు. ఈ పనిలో సన్నని సూది వంగుట, వెనుకకు జరుగుట, తీగ రెండు ఇనుముల నడుమ నలుగుట సంభవించును. ఇంజనునకు, బండి దేహమునకు నడుమ నుండు ఎర్తు వైరును బిగించుట మఱచిన సందర్భములు కలవు. మన యూరు సముద్రమునకు సమీపమున, గౌతమీ తీరమున నున్నది. ఉప్పుగాలికి కప్లర్లలో పచ్చని చిలుము పట్టును. చిలుము అనగా నిరోధము. నిరోధము అనగా వోల్టేజి నష్టము. పదవ తరగతి భౌతికశాస్త్రమున చదివిన ఓమ్ సూత్రము ఇచ్చట పనికి వచ్చుచున్నది. బ్యాటరీ బలహీనమైనను సోలినాయిడ్లు సరిగా పనిచేయవు. కనుక దాని వోల్టేజిని ముందే కొలువవలెను.

కంప్యూటరునకు ఏదేని సెన్సరు వార్త అందనిచో అది పెట్టెను కాపాడుటకై ఒకే గేరులో నిలిపివేయును. బండి కదలునుగాని ఎక్కుడున బరువుగా నడచును; గేరు మాఱదు. దీనిని చూచి పెట్టె చెడినదనుట పొరపాటు. ఇది రక్షణ స్థితి.

అప్పుడు స్కానరును కలుపవలెను. 'పి 0700' అను సంకేతము కనబడినచో అది కారణము కాదు. "గేరుపెట్టె కంప్యూటరులో ఒక ఫిర్యాదు కలదు" అను సమాచారము మాత్రమే. ఆ కంప్యూటరును వేఱుగా చదువవలెను. 'పి 0715' అయినచో లోనికి వచ్చు వేగమును కొలుచు సెన్సరు మార్గము. 'పి 0720' అయినచో వెలుపలికి పోవు వేగపు సెన్సరు మార్గము. 'పి 0730' అయినచో గేరు నిష్పత్తి సరిలేదు. 'పి 0741' అయినచో లాకప్ పడుట లేదు. సంకేతము వెదకవలసిన చోటు చెప్పును. మార్చవలసిన వస్తువును చెప్పదు. సెన్సరును మార్చుటకు ముందు దాని తీగను, సూదులను చూడవలెను.

6. పాత జ్ఞప్తి

కంప్యూటరు అనుభవమును గుర్తుంచుకొనును. పాత పెట్టెలో క్లచ్చులు అఱిగిన కొలది, అది పీడనమును, కాలమును సవరించుకొనుచు వచ్చినది. క్రొత్త పెట్టె బిగించినను ఆ సవరణలే యుండును. అందువలన క్రొత్త క్లచ్చులు గుద్దినట్లు పడును. స్కానరుతో పాత సవరణలను తుడిచి, పుస్తకమున చెప్పిన రీతిగా బండిని నడిపి, దానిచే క్రొత్త పాఠము నేర్పింపవలెను. కొన్ని పెట్టెల మీద ఆ పెట్టెకే చెందిన సంకేతము గల చీటి యుండును. దానిని కంప్యూటరునకు ఎక్కింపవలెను. ఏ.ఎం.టి. బండిలో క్లచ్చి మార్చినను, అది పట్టుకొను స్థానమును ఇట్లే నేర్పవలెను.

7. అంకెలు చెప్పు సత్యము

విద్యార్థులారా! ఇక లెక్కకు రండు. స్కానరు మూడు వేగములను చూపును: ఇంజను వేగము, పెట్టెలోనికి వచ్చు ఇరుసు వేగము, పెట్టె నుండి పోవు ఇరుసు వేగము. లోని వేగమును వెలుపలి వేగముచే భాగించినచో వచ్చునది గేరు నిష్పత్తి. ఉదాహరణకు ఒక పెట్టె నిష్పత్తులు 1వ గేరు 2.8, 2వ గేరు 1.5, 3వ గేరు 1.0, 4వ గేరు 0.7 అనుకొందము.

మొదటి లెక్క: కంప్యూటరు 2వ గేరును ఆజ్ఞాపించినది. వెలుపలి వేగము నిమిషమునకు 1600 చుట్లు. లోని వేగము 1600 × 1.5 = 2400 ఉండవలెను. స్కానరు 2700 చూపినది. నిష్పత్తి ఇంచుమించు 1.69. ఇది ఏ గేరు నిష్పత్తియు కాదు. యాక్సిలరేటరు తొక్కిన కొలది ఈ భేదము పెరిగినచో 2వ గేరు క్లచ్చి జారుచున్నదని అర్థము. అన్ని గేర్లును ఇట్లే జారినచో, అన్నిటికి సామాన్యమైన దానిని, అనగా నూనెను, వడపోతను, పంపును అనుమానింపవలెను. ఒక్క గేరే జారినచో ఆ క్లచ్చిని, దాని సోలినాయిడును అనుమానింపవలెను.

రెండవ లెక్క: యాక్సిలరేటరు ఎంత తొక్కినను నిష్పత్తి 1.69గానే కదలక నిలిచినదనుకొందము. అప్పుడు జారుట లేదు. వేఱు నిష్పత్తులు గల పెట్టెను తెచ్చి బిగించినారేమో చూడవలెను. వెలుపల ఒకే తీరుగ కనబడు పెట్టెలకు లోపలి చక్రములు వేఱు కావచ్చును. కనుక బిగించుటకు ముందే నంబరును సరిపోల్చవలెను.

మూడవ లెక్క: యజమాని "పై గేరున జారుచున్నది, నూనె ఖర్చు పెరిగినది" అనుచున్నాడు. ఆజ్ఞ 4వ గేరు. వెలుపలి వేగము 2000. లోని వేగము 1400. ఇంజను వేగము 1700. లెక్క వేయుడు: 2000 × 0.7 = 1400. గేరు సరిగా నున్నది, క్లచ్చులు నిర్దోషులు. కాని ఇంజనునకు, లోని ఇరుసునకు 300 చుట్ల భేదము గలదు. అనగా కన్వర్టరు లాకప్ పడలేదు. ఎందుకు? బ్రేకు తొక్కినప్పుడు కంప్యూటరు లాకప్ విడచును. బ్రేకు స్విచ్చి చిక్కుకొని, తొక్కకున్నను తొక్కినట్లు వార్త పంపుచున్నచో లాకప్ ఎన్నడును పడదు. బండి వెనుకకు పోయి చూడుడు: పాదము తీసినను ఎఱ్ఱ దీపములు వెలుగుచున్నవా? వెలుగుచున్నచో కారణము దొరికినది. లేనిచో, ఇంజను తగినంత వేడెక్కుచున్నదా యని చూడవలెను. చల్లని ఇంజనునకు లాకప్ ఇయ్యరాదని కంప్యూటరు నియమము. ఇవి రెండును సరియైన పిదపనే లాకప్ సోలినాయిడు వంతు వచ్చును.

చూచితిరా! మూడు అంకెలు ఒక పెట్టెను రెండవమారు దింపు శ్రమను తప్పించినవి.

8. బిగింపు దోషములు

పై పరీక్షలన్నియు ముగిసినను కారణము దొరకనిచో బిగింపును పరిశీలింపవలెను. కన్వర్టరు పంపులోనికి పూర్తిగా దిగకుండ ఇంజనుతో బిగించినచో పంపు నలిగిపోవును. బోల్టులతో బలవంతముగా లాగి దగ్గఱకు చేర్చుట మహాపరాధము; చేతితోనే అతుకవలెను. ఆ పిమ్మట గేజితో నూనె పీడనమును కొలిచి పుస్తకములోని అంకెతో సరిపోల్చవలెను. బ్రేకు తొక్కి యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి చేయు స్టాలు పరీక్ష అపాయకరము. చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టి, బండి ముందు ఎవరును లేకుండ చూచి, అయిదు సెకండ్లు మించకుండ అనుభవజ్ఞుడే చేయవలెను. విద్యార్థులు చేయరాదు.

9. పాత పెట్టె ఏల చెడెను?

ఇది మొట్టమొదట అడుగవలసినదైనను, తఱచుగా ఎవరును అడుగని ప్రశ్న. కాలిన పెట్టె నుండి రాలిన ఇనుపరజను నూనె చల్లబఱచు కూలరులోను, గొట్టములలోను దాగియుండును. దానిని కడుగకున్నను, మార్చకున్నను ఆ రజను క్రొత్త పెట్టెలోనికి పోయి కవాటములను పట్టివేయును.

మన యూరికి మఱియొక కారణము గలదు: వరద. 2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 71 అడుగులు దాటి ప్రవహించినప్పుడు యానాము వీధులలోనికి నీరు వచ్చుట మనకు జ్ఞాపకమే. నీట నిలిచిన బండిలోనికి గాలిగొట్టము ద్వారా నీరు చేరును. నూనె గులాబిరంగు మజ్జిగవలె మాఱును. క్లచ్చి బిళ్ళలకు అతికిన పొర నీటికి ఊడిపోవును. అట్టి బండిని స్టార్టు చేయక, ముందు నూనెను చూడవలెను. వరద లేకయే నూనె అట్లు మాఱినచో, రేడియేటరులోని కూలరు చిల్లుపడి నీరు కలియుచున్నదని తెలియవలెను. రేడియేటరును మార్చక పెట్టెను మాత్రమే మార్చినచో, క్రొత్తదియు పాతదాని దారినే పోవును.

10. ముగింపు

ఈ యంత్రముల పుస్తకములు నేడు ఎక్కువగా ఆంగ్లమున నున్నవి. మన ప్రాంతపు ముఖ్యపట్టణమైన పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున, వేఱు భాష నడుమ నున్నది. అందుచే తెలుగున చదువుకొన్న పిల్లవానికి ఈ విద్య అందదని కొందఱు తలచుదురు. కాని "ఇది మాఱినది, అది మాఱలేదు, కనుక కారణము ఇచ్చట" అను తర్కమునకు ఆంగ్లము అక్కఱలేదు. పదములను పుస్తకము నుండి నేర్వవచ్చును. ఆలోచనను మాతృభాషలోనే చేయవచ్చును. ప్రతి పరీక్షను, ప్రతి అంకెను నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఒకేమారు రెండు వస్తువులను మార్చకుడు. మార్చినచో ఏది కారణమో తెలియకపోవును. పరీక్షింపక ఏ వస్తువునకును నింద మోపకుడు.

అభ్యాసము

1. నూనె తక్కువైనను ఎక్కువైనను గేరు జారుటకు కారణమేమి?

2. పాత పెట్టెతో నున్న దోషమే క్రొత్త పెట్టెతోను కనబడినచో ఎచ్చట వెదకవలెను? ఏల?

3. ఆజ్ఞ 3వ గేరు, నిష్పత్తి 1.0, వెలుపలి వేగము 1800, లోని వేగము 1800, ఇంజను వేగము 2150. దోషము గేరులోనా, కన్వర్టరులోనా? ముందు చూడవలసిన చౌకయైన వస్తువేది?

4. ఆజ్ఞ 2వ గేరు, నిష్పత్తి 1.5 ఉండవలెను. లోని వేగము, వెలుపలి వేగము రెండును 1600. పెట్టె ఏ గేరులో నున్నది? ఇది జారుటయా, ఆజ్ఞ చెల్లకపోవుటయా?

5. మీ యింటి దగ్గఱి మెకానిక్కు షెడ్డునకు పోయి, పెద్దల అనుమతితో, ఉప్పుగాలికి చిలుము పట్టిన కప్లరు నొకదానిని చూచి, బొమ్మ గీయుడు.